ముప్పై గుంటల వంతు చీటీ

నా ఉద్యోగ విరమణకు ఇంకా రెండేళ్లుండగా, డిసెంబరు మొదటి వారంలో, నేరేడుచర్ల దగ్గరి ఒక కాలువ రైతుల కమిటీకి నీటి వంతుల ప్రోగ్రాం పెట్టి రమ్మని నన్ను పంపారు. సూర్యాపేటలో ఒక మెడికల్ షాపు పైఅంతస్తులో ఉండే చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ మాది. నా హోదా సీనియర్ ప్రోగ్రామర్. ఐదుగురున్న ఆఫీసులో సీనియర్ అంటే ప్రోగ్రాం రాయడం, దాన్ని తీసుకెళ్లి ఎక్కించడం, ఆపరేటరుకు నేర్పడం, ప్రింటరులో కాగితం ఇరుక్కుంటే తీయడం, అన్నీ మనవే. ఇల్లు కోదాడలో. పొద్దున్నే బస్సెక్కి సూర్యాపేట వెళ్లడం, అక్కణ్నుంచి ఎక్కడికి పంపితే అక్కడికి పోవడం. మిర్యాలగూడ మిల్లులకు ఎన్నిసార్లు తిరిగానో లెక్క లేదు. ఆ రోజుల్లో ఎవరైనా ఎలా ఉన్నారని అడిగితే నడుం నొప్పిగా ఉందని చెప్పి ఊరుకునేవాణ్ణి.

మా పని తెలియనివారికి ఒక సంగతి చెప్పాలి. కంప్యూటరు తెరమీది గడిలో మీరు ఏం కొట్టినా అది మొదట అక్షరాల వరసే. 25 అని కొడితే కంప్యూటరుకు అది ఇరవై అయిదు కాదు. రెండు అనే గుర్తు, దాని పక్కన అయిదు అనే గుర్తు. దాన్ని కూడాలన్నా హెచ్చించాలన్నా ముందు అది సంఖ్యేనా అని పరీక్షించాలి, తర్వాత సంఖ్యగా మార్చాలి. దీన్నే మేం డేటా టైప్ చెక్ చేయడం, కన్వర్ట్ చేయడం అంటాం. పరీక్షించకుండా మార్చబోతే ప్రోగ్రాం మధ్యలో ఆగిపోతుంది. తెర మీద ఇంగ్లిషులో నాలుగు వరసల ఎర్రర్ వస్తుంది. ఆపరేటర్ భయపడి ప్లగ్గు పీకేస్తారు, మర్నాడు నేను బస్సెక్కాలి.

ముప్పై ఏళ్లలో ఈ గడుల్లో జనం ఏమేం కొడతారో అన్నీ చూశాను. సున్నా బదులు ఇంగ్లిషు ఓ అక్షరం కొట్టినవాళ్లున్నారు. వయసు గడిలో ఫోన్ నంబరు కొట్టినవాళ్లున్నారు. భూమి ఎంత అని అడిగితే ‘రెండెకరాలు, బోరు ఉంది’ అని కొట్టిన మహానుభావుడు తిరుమలగిరిలో ఉన్నాడు. అందుకని నేను రాసే ప్రతి గడికీ గట్టి కాపలా పెట్టేవాణ్ణి. సంఖ్య కానిది ఏదొచ్చినా ‘సంఖ్య మాత్రమే ఇవ్వండి’ అని తెలుగులో సందేశం వచ్చి, సరిచేసేదాకా కర్సరు అక్కణ్నుంచి కదిలేది కాదు. నా ప్రోగ్రాం పడిపోదని చుట్టుపక్కల పేరుండేది. ఆ పేరు చూసుకుని నాకు కొంత పొగరు కూడా ఉండేది, దాచుకోవడం దేనికి.

కమిటీ పని ఇదీ. ఆ యాసంగికి, అంటే రబీ పంటకు, ప్రాజెక్టులో నీళ్లు తక్కువగా ఉన్నాయి. కాలువను కొన్ని రోజులు వదిలి కొన్ని రోజులు ఆపే పద్ధతి పెట్టారు; దాన్ని మా వైపు ఆన్ అండ్ ఆఫ్ అంటారు. ప్రతి తూము కింద ఉన్న రైతులకు పది రోజులకొకసారి వంతు వస్తుంది. ఎకరానికి రెండు గంటల నీళ్లు. ఎవరి భూమి ఎంతో అంత సమయం. అంతకుముందు ఈ లెక్కంతా లష్కర్ యాదగిరి నోట్‌బుక్కులో ఉండేది. లష్కర్ అంటే కాలువ మీద తిరుగుతూ తూముల తలుపులు ఎత్తి దించే మనిషి. ఆయన లెక్క మీద ప్రతి ఏడూ తగాదాలే. ఒకసారి గొడ్డళ్లదాకా పోయిందట. అందుకే కంప్యూటరు చీటీ ఉంటే ఎవరూ నోరెత్తరని కమిటీ తీర్మానం చేసింది. పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం కొడితే ప్రోగ్రాం నిమిషాలు లెక్కగట్టి వంతు చీటీ అచ్చు వేస్తుంది. చీటీలో ఎంతుంటే అంతే.

ఆ ప్రోగ్రాం నేను కొత్తగా రాయలేదు. అంతకు నాలుగేళ్ల ముందు సరిహద్దు అవతల, ఆంధ్రా వైపు, ఇటువంటి సంఘానికే ఒకటి రాసిచ్చాను. పైన పేరు మార్చి, ఊళ్ల జాబితా మార్చి అదే తెచ్చి ఎక్కించాను. అక్కడ నాలుగేళ్లు ఒక్క ఫిర్యాదు లేకుండా నడిచిన ప్రోగ్రాం అది. రోజూ ఐదారు గంటలు బస్సుల్లో గడిపేవాడు నడుస్తున్నదాన్ని విప్పి మళ్లీ చూడడు.

కమిటీ ఆఫీసులో ఆపరేటర్ సుజాత. నేరేడుచర్ల అమ్మాయి, డిగ్రీ చదివింది, ఇద్దరు పిల్లల తల్లి. చేతిరాత రిజిస్టర్ పక్కన పెట్టుకుని నాలుగు వందల పైచిలుకు పేర్లు ఎక్కించే పని ఆమెది. నేను వచ్చేసిన మర్నాడే ఫోన్ చేసింది.

“సార్, రిజిస్టర్ల ఉన్నది ఉన్నట్టే కొడుతున్న. మీ ప్రోగ్రాం తీసుకుంటలేదు. సంఖ్య మాత్రమే ఇయ్యుమంటున్నది. నేను సంఖ్యనే ఇస్తున్న కదా!”

ఏం కొడుతున్నావని అడిగాను. సున్నా, గీత, ముప్పై అంది. రిజిస్టర్లో ఎకరాలు, మధ్యలో చిన్న గీత, తర్వాత గుంటలు రాస్తారు. మధ్యలో గీత ఉంటే అది సంఖ్య కాదమ్మా, గీత తీసేసి చుక్క పెట్టు అన్నాను.

“చుక్క పెడితె ఏం ఫరక్ పడదా సార్?”

“ఏం కాదు, పెట్టు. తీసుకుంటుంది.”

తీసుకుంది. ఇరవై నిమిషాల పని అర నిమిషంలో తేల్చానని సంతోషపడి ఫోన్ పెట్టేశాను. నాలుగు వందల పేర్లూ వారం రోజుల్లో ఎక్కాయి. జనవరిలో చీటీలు పంచారు. తగాదాలు లేవని కమిటీ అధ్యక్షుడు మా యజమానికి ఫోన్ చేసి మెచ్చుకున్నాడు. నిజంగానే ఆ సీజనులో ప్రోగ్రాం ఒక్కసారి కూడా ఆగలేదు. ఆగి ఉంటే మొదటి వారంలోనే నన్ను పిలిచేవారని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

ఫిబ్రవరి చివర్లో కొత్త ప్రింటరు పెట్టడానికి మళ్లీ ఆ ఆఫీసుకు వెళ్లాను. అప్పుడు వచ్చాడు లింగయ్య. అరవై దాటిన మనిషి. కాలువ చిట్టచివరి తూము కింద ముప్పై గుంటల పొలం, అంటే ముప్పావు ఎకరం. ఇంకో భూమి లేదు. ఇంట్లో ఏడాది పొడుగునా తినే బియ్యం ఆ మడిలోనివే. చొక్కా జేబులోంచి నాలుగు మడతల చీటీ తీసి నా ముందు పరిచాడు.

“సారూ, నాది ముప్పై గుంటలు. గీ చీటిల సున్న పాయింట్ మూడని కొట్టిండ్రు. యాదగిరి ముప్పై ఆరు నిమిషాలకే తూము బంద్ వెడుతుండు. నీళ్లు సగం మడి దాక గూడ పోతలేవు.”

ఆ మాట విన్నప్పుడు నాకు కలిగింది విసుగే. ఇటువంటి ఫిర్యాదు నాకు కొత్త కాదు. చుక్క తర్వాత చివర వచ్చే సున్నాను కంప్యూటరు చూపించదు. మిల్లుల్లో, ఎరువుల దుకాణాల్లో కనీసం వందసార్లు చెప్పి ఉంటాను. ఆయనకూ ఒక కాగితం తీసుకుని ఒకదాని కింద ఒకటి రాసి చూపించాను. 0.30 అన్నా 0.3 అన్నా విలువ మారదు, రెండూ ఒకటే, చిన్న పిల్లల లెక్కల పుస్తకంలో కూడా ఇదే ఉంటుంది అన్నాను.

లింగయ్య కాగితం మీది ఆ రెండు అంకెల మీదా వేలు పెట్టాడు. “రెండు ఒకటేనా? అట్లయితే మూడు గుంటలు నువ్వు తీస్కో సారూ, ముప్పై నాకియ్యి.”

ఆఫీసులో ఉన్నవాళ్లందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఒక్క సుజాత నవ్వలేదని ఇప్పుడు గుర్తుకొస్తోంది. పోయిన ఏడు తనకు గంటన్నర నీళ్లు వచ్చేవని ఆయన చెప్పాడు. ఈ ఏడు నీళ్లు తక్కువ, అందరికీ తగ్గింది అని నేను జవాబిచ్చాను. అది తెలిసి ఆడిన అబద్ధం కాదు. నాకు తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పడం.

“పొలం పొట్టకొచ్చింది సారూ. ఇప్పుడు తడి అందకుంటె తాలే మిగుల్తది. నాకు గదే పరేషాన్” అని చీటీని మళ్లీ నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

ముప్పావు ఎకరానికి, ఎకరానికి రెండు గంటల చొప్పున, గంటన్నర. మూడో తరగతి లెక్క. జవాబు ఆయన నోటితోనే చెప్పాడు. నేను ప్రింటరు కేబులు బిగించుకుంటూ ఉన్నాను.

లింగయ్య వచ్చి వెళ్లిన పదకొండో రోజున మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో కాటా దగ్గరి కంప్యూటరు విప్పి కూర్చున్నాను. సుజాత రిజిస్టర్ పేజీ ఒకటి ఫోటో తీసి వాట్సాప్‌లో పంపింది. వెంటనే ఫోన్ చేసింది. లింగయ్య వచ్చిపోయినప్పటి నుంచి ఆమెకు మనసులో పీకుతోందట. ఆ చివరి తూము పేజీని కూడి చూసుకుంది.

“సార్, గీ పేజీల నలుగురే ఉన్నరు. ముప్పై గుంటలు, ఎకరమిరువై, రెండెకరాలు, ఇరువై అయిదు గుంటలు. రిజిస్టర్ల కింద నాలుగెకరాల ముప్పై అయిదు గుంటలని రాసిండ్రు. నేను గూడ కూడిన, కరెక్టే. మీ ప్రోగ్రాంల మూడు పాయింట్ డెబ్బై అయిదు వస్తున్నది.”

రిజిస్టర్లో కూడిక తప్పేమో అని నోటిదాకా వచ్చింది. అంతలోనే ఆమె అడిగింది.

“నలభై గుంటలకు ఎకరం కద సార్. మీ ప్రోగ్రాంల ఎన్ని గుంటలకు ఎకరం అయితది?”

మిల్లు చప్పుడులో కూడా ఆ ప్రశ్న స్పష్టంగా వినిపించింది. నా ప్రోగ్రాంలో వంద గుంటలకు ఎకరం. సరిహద్దు అవతల భూమిని సెంట్లలో కొలుస్తారు, వంద సెంట్లు ఎకరం. అక్కడ చుక్క పెట్టి రాసింది దశాంశమే, కాబట్టి నా లెక్క అక్కడ నాలుగేళ్లూ సరిగ్గా వచ్చింది. చుక్క దాటాక నలభైతో ఆగాలని ఇక్కడి ప్రోగ్రాంకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసినవాణ్ణి నేనే. గుంటల సంగతి నాకు తెలియక కాదు. కోదాడలో పుట్టి పెరిగినవాణ్ణి, ఒక చెవిలో గుంటలు, ఒక చెవిలో సెంట్లు వింటూనే పెద్దయ్యాను. మేనమామలది సరిహద్దు అవతలి ఊరు, వాళ్లు సెంట్లంటారు. రెండు వైపులవాళ్లు చెప్పేదీ అర్థమవుతుంది కాబట్టి ఆ రెండూ వేరని ఆగి ఆలోచించే అలవాటే నాకు పోయింది.

మిల్లు పని అలాగే వదిలేసి మధ్యాహ్నం బస్సుకు నేరేడుచర్ల వచ్చాను. దారంతా లెక్కలు వేసుకున్నాను. పూర్తి ఎకరాలున్నవాళ్లకు నిమిషం కూడా తేడా లేదు. పెద్ద రైతులెవరూ నోరెత్తకపోవడానికి అదే కారణం. కోత పడ్డదంతా గుంటలున్న చిన్న కమతాలవాళ్లకు. లింగయ్యకు పోయినది వంతుకు యాభై నాలుగు నిమిషాలు. ఆ చివరి తూముకు మళ్లీ వంతు వచ్చి ముందురోజే అయిపోయిందని సుజాత చెప్పింది. నేను కాగితం మీద పాఠం చెప్పి పంపాక ఆయన మడికి మరోసారి ముప్పై ఆరు నిమిషాలే నీళ్లు పారాయి.

ప్రోగ్రాం సరిచేయడం పెద్ద పని కాదు. ఒక గడి తీసేసి రెండు గడులు పెట్టాను: ఎకరాలు ఒకటి, గుంటలు ఒకటి. రెండింటిలోనూ పూర్తి సంఖ్యలే. గుంటల గడిలో ముప్పై తొమ్మిది దాటితే తీసుకోదు. గంటలో అయిపోయింది. అసలు చిక్కు అప్పటికే ఎక్కిన లెక్కలతో వచ్చింది. సుజాత కొట్టిన అక్షరాలను నా ప్రోగ్రాం దశాంశంగా మార్చి ఆ మార్చినదాన్నే దాచింది, కొట్టినదాన్ని పారేసింది. లోపల 1.1 అని ఉంటే అది ఎకరం పది గుంటలా, గీత తీసి చుక్క పెట్టడంతో ఎకరం ఒక గుంట అలా అయిందా చెప్పలేం. వెనక్కి మార్చే దారి లేదు. రిజిస్టర్ ముందేసుకుని సుజాత చదువుతుంటే నేను కొట్టాను. మొత్తం పేర్లన్నీ మొదటి నుంచి. మూడు రోజులు పట్టింది.

మధ్యలో మా యజమాని ఫోన్ చేసి డేటా ఎంట్రీ తప్పని చెప్పేయండి, ఎందుకొచ్చిన గొడవ అన్నాడు. నేను కమిటీకి రాసిచ్చిన కాగితంలో తప్పు ప్రోగ్రాందని, చుక్క పెట్టమని ఫోన్‌లో చెప్పింది నేనేనని రాశాను. ఇందులో గొప్పేమీ లేదు. సుజాత పక్కనే కూర్చుని ఉంది, రిజిస్టర్ ఆమె ఒడిలోనే ఉంది.

తర్వాతి వంతు దాకా ఆగకుండా లింగయ్యకు మధ్యలో గంటన్నర నీళ్లు ఇవ్వడానికి కమిటీ అధ్యక్షుడు ఒప్పుకున్నాడు. పై తూముల వాళ్లను ఒప్పించడానికి మరో రెండు రోజులు పోయాయి. ఆరో రోజు ఉదయం యాదగిరి, సుజాత, నేను ఆ చివరి తూము దగ్గరికి వెళ్లాం. లింగయ్య అప్పటికే ఒడ్డు మీద కూర్చుని ఉన్నాడు.

మడి చూస్తే చెప్పనక్కర్లేకపోయింది. కాలువ వైపు ఒక పది గుంటలు పచ్చగా ఉంది. అక్కణ్నుంచి ఆ కొసదాకా తెల్లకంకి. కంకులు నిటారుగా నిలబడి ఉన్నాయి, లోపల గింజ లేదు. వ్యవసాయం నాకు పెద్దగా తెలియదు. కానీ వంగని వరి కంకి ఏమిటో తెలియనంత పట్నం మనిషిని కాను.

యాదగిరి తలుపు ఎత్తాడు. నీళ్లు మడిలోకి దిగాయి. నేను లింగయ్య దగ్గరికి వెళ్లి తప్పు నాదేనని చెప్పాను. గుంటలను సెంట్లలా లెక్క కట్టానని, ఆ రోజు ఆయన చెప్పిందే నిజమని చెప్పాను. ఆయన నన్ను తిట్టలేదు. తిడితే తల వంచుకుని వినేవాణ్ణి.

“గిట్ల ఇంకెంతమందికి అయింది?” అని అడిగాడు.

గుంటలున్న వాళ్లందరికీ, నూటయాభై మందికి పైనే అన్నాను.

“వాళ్లకు చెప్పిండ్రా?”

లేదు. కొత్త చీటీలు పంచుతున్నారు. ఎందుకు మారాయో ఎవరికీ చెప్పలేదు. కమిటీవాళ్లు వద్దన్నారు, నాకూ అదే సుఖమనిపించి ఊరుకున్నాను.

“చెప్పుండ్రి మరి. ఎవడన్న నా లెక్కనే నీళ్లు అందుతలేవని సగం మడి ఇడిసిపెట్టి ఊకున్నడేమో” అన్నాడు. ఆ తర్వాత లష్కర్ వైపు తిరిగి కేకేశాడు. “యాదగిరీ, ఆ పచ్చగున్న కాడికి పారితె సాలు. అర్ధగంటకు బంద్ వెట్టు. ఎండినదానికి నీళ్లెందుకు? మిగిలింది పక్క పొలమోళ్లకు ఇడువు, వాళ్లది ఇంక పానం మీదున్నది.”

యాదగిరి నా వైపు చూశాడు. ఆ రోజు ఆయన దగ్గర ఉన్న చీటీలో గంటన్నర అని ఉంది. చీటీలో ఎంతుంటే అంతే ఇవ్వాలన్నది కమిటీ నియమం. అర్ధగంటకు ఆయన నీళ్లను పక్క పొలాల వైపు మళ్లించాడు.

తర్వాత నాలుగు రోజులు సెలవు పెట్టి ప్రతి తూము దగ్గరికీ వెళ్లి చెప్పాను. కొందరు తిట్టారు. కొందరు నీళ్లే తక్కువనుకున్నాం అన్నారు. ఇద్దరు పంట ఇక చేతికి రాదని అప్పటికే పొలంలోకి గొర్లను తోలేశారు. వాళ్లకూ విషయం చెప్పి వచ్చేశాను.

మిగిలిన రెండేళ్ల ఉద్యోగంలో నా పని పద్ధతి కొంత మారింది. మనిషి కొట్టింది కొట్టినట్టే ఒకచోట దాచి, మార్చినదాన్ని దాని పక్కన వేరే దాచడం మొదలుపెట్టాను. ఏ ఊళ్లో ప్రోగ్రాం పెట్టినా గడులు గీయకముందే అక్కడి రిజిస్టర్ అడిగి చూసేవాణ్ణి. ఆపరేటరును పిలిచి, మీరు చేత్తో ఎలా రాస్తారో ఓ పది వరసలు రాసి చూపించండి, ఒక్కో వరస చదివి చెప్పండి అనేవాణ్ణి. కొత్తగా చేరినవాళ్లకు కూడా ఇదే చెప్పాను. గడిలోకి వచ్చింది సంఖ్య అవునా కాదా అని ప్రోగ్రాం పరీక్షించగలదు. అది దేని సంఖ్య అన్నది రాసినవాళ్లను అడిగితేనే తెలుస్తుంది. ప్రోగ్రాం తీసుకోవడం లేదని ఆపరేటర్ ఫోన్ చేస్తే, ఏం కొట్టాలో చెప్పడానికి ముందు, కొట్టింది ఎందుకు కొట్టారో అడగాలి. ఇందులో తెలివితేటలు అక్కర్లేదు, ఒక పూట పడుతుంది. లింగయ్యకు ఆ ఏడు పది గుంటల వడ్లే చేతికొచ్చాయి. మిగతా ఇరవై గుంటలు నేను ఆ ఒక పూట మిగుల్చుకున్నందువల్ల పోయాయి.